టిక్కు చోట అంకె

మూడు టన్నులు ఎత్తే ఫోర్క్‌లిఫ్టుకు ముందు రెండు ఉక్కు చేతులుంటాయి. వాటినే ఫోర్కులంటారు. ఒక్కో ఫోర్కు సాధారణంగా 125 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల మందం, 1,070 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. ఆ 45లో నాలుగున్నర మిల్లీమీటర్లు అరిగిందంటే ఫోర్కును బండి నుంచి తీసేయాలని ఐఎస్ఓ 5057 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. నాలుగున్నర మిల్లీమీటర్లంటే దాదాపు మూడు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చినంత. అంత చిన్న అరుగుదలకే అంత పట్టుదల ఎందుకు?

ఇల్లు కట్టే చోట చూడండి. వడ్రంగి దూలాన్ని పడుకోబెట్టడు, నిలువుగా వేస్తాడు. కర్ర అదే, బరువు అదే. వంగకుండా నిలిచే బలం మాత్రం నిలువు కొలతను బట్టే ఉంటుంది, అదీ ఆ కొలత వర్గాన్ని బట్టి. వెడల్పు మారకుండా మందం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. తగ్గేటప్పుడూ ఇదే లెక్క. మందం పదో వంతు తగ్గి 0.9కి వస్తే, మిగిలే బలం 0.9ని 0.9తో గుణించినంత, అంటే 0.81. పది శాతం అరిగితే పంతొమ్మిది శాతం బలం పోయింది. ఇరవై శాతం అరగనిస్తే మిగిలేది 64 శాతమే.

ఐదు టన్నుల లోపు బండ్ల ఫోర్కులను తయారు చేసేటప్పుడు వాటి సామర్థ్యానికి మూడు రెట్ల బరువు తట్టుకునేలా పరీక్షిస్తారు. కాబట్టి నాలుగున్నర మిల్లీమీటర్లు అరిగిన రోజే ఫోర్కు విరిగి పడదు. మూడు రెట్లున్న దన్ను 2.43 రెట్లకు దిగుతుంది. ఆ దన్ను పెట్టిందే పాలెట్ ఒక పక్కకు ఒరిగి బరువంతా ఒకే ఫోర్కు మీద పడే క్షణం కోసం, చక్రం గుంతలో దిగి సరుకు ఎగిరి పడే క్షణం కోసం. గోదాములో అలాంటి క్షణాలు రాని రోజు ఉండదు.

ఫోర్కు అరిగేది నిలువు భాగం అడ్డంగా తిరిగే వంపు దగ్గర, అడుగున. ఫోర్కులను నేలకు ఆనించి ఈడుస్తూ పాలెట్ కిందికి దూర్చే అలవాటుంటే అరుగుదల ఇంకా త్వరగా వస్తుంది. నిలువుగా ఉండే పై భాగం దేనికీ రాసుకోదు కాబట్టి అది అరగదు. అంటే పాత కొలత కోసం కంపెనీ పుస్తకం వెతకనక్కర్లేదు. పై భాగం మందం వెర్నియర్‌తో కొలిచి, వంపు దగ్గర మందం కొలిచి, రెంటినీ పక్కపక్కన రాసుకుంటే చాలు. తయారైన నాటి మందం, నేటి మందం రెండూ ఆ ఫోర్కు మీదే ఉన్నాయి.

ఈ కొలత రోజూ తీయాలని ఎవరూ అనరు. ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం కనీసం ఏడాదికొకసారి, బండి విపరీతంగా తిరిగే చోట ఇంకా తరచుగా తీయాలి. రోజూ చేయాల్సింది వేరు. వంపు దగ్గర సన్నటి పగులు గీత ఉందా, రెండు ఫోర్కుల కొనలూ ఒకే ఎత్తులో ఉన్నాయా, ఫోర్కు పక్కకు జారకుండా పట్టే పిన్ను తన గాడిలో కూర్చుందా, ఇవి చూడాలి. కొనల ఎత్తులో తేడా ఫోర్కు పొడవులో మూడు శాతం దాటకూడదు. 1,070 మిల్లీమీటర్ల ఫోర్కుకు అది 32 మిల్లీమీటర్లు. బండిని చదునైన నేల మీద నిలిపి పక్కన వంగి చూస్తే అంత తేడా కంటికే తెలుస్తుంది.

రోజువారీ తనిఖీ అనగానే చాలామంది మనసులో మెదిలేది గోడకు వేలాడే కాగితం. దాని మీద గడులు, గడుల్లో టిక్కులు. అసలు ఈ 'రోజూ' అన్న మాటను చట్టంలో స్పష్టంగా రాసుకున్న దేశాల్లో అమెరికా ఒకటి. 1969 నాటి అక్కడి జాతీయ ప్రమాణాన్ని ఆధారం చేసుకుని, అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 1971లో పారిశ్రామిక ట్రక్కుల నియమాన్ని తెచ్చింది. దాని సారం ఇది: బండిని పనిలో పెట్టే ముందు పరిశీలించాలి. భద్రతకు చేటు చేసే లోపం ఏది కనబడినా పనిలో పెట్టకూడదు. ఈ పరిశీలన కనీసం రోజుకొకసారి జరగాలి. రాత్రింబవళ్లు తిరిగే బండైతే ప్రతి షిఫ్టు తర్వాతా జరగాలి. లోపం కనబడితే వెంటనే పైవాళ్లకు చెప్పాలి, సరిచేయాలి.

ఇందులో ఒక సంగతి నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. ఆ నియమం ఎక్కడా కాగితం అడగదు. రోజువారీ పరిశీలనను రాసిపెట్టమనే షరతు అందులో లేదు. అది అడిగింది కన్నును, చేతిని, చెవిని. రాసిపెట్టుకోవడం మంచిదే, నేనూ రాయమనే అంటాను. కానీ చట్టం చూడమంటే మనం రాస్తున్నాం, అదీ చూడకుండా.

మన దగ్గర 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ బరువులెత్తే యంత్రాలను 12 నెలలకొకసారి అర్హత గల నిపుణుడు క్షుణ్ణంగా పరీక్షించి రిజిస్టరులో రాయాలంది. ఆ చట్టం స్థానంలో ఇప్పుడు 2020 నాటి వృత్తి భద్రత కోడ్ వచ్చింది. పారిశ్రామిక ట్రక్కుల భద్రత కోసమే భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 6305:1980 అనే ప్రమాణాన్ని కూడా తెచ్చింది. ఏడాదికొకసారి వచ్చే ఆ నిపుణుడి ధ్రువపత్రం చాలా కార్యాలయాల్లో ఫ్రేము కట్టి కనబడుతుంది. అది విలువైనదే. అయితే అది ఏడాదిలో ఒక్క రోజు మాట. మిగిలిన 364 రోజులూ ఆ బండిని దగ్గరగా చూసే మనిషి డ్రైవర్ ఒక్కడే.

పోయినేడు వానాకాలంలో హైదరాబాద్ శివార్లలో ఒక గోదాముకు వెళ్లాను. ఆఫీసు తలుపు పక్కన మూడు టన్నుల డీజిల్ బండి తనిఖీ కాగితం అంటించి ఉంది. అడ్డంగా ఏడు రోజులు, నిలువుగా 22 అంశాలు, మొత్తం 154 గడులు. నేను వెళ్లింది మంగళవారం. శనివారం దాకా టిక్కులు పడి ఉన్నాయి. ఆదివారం గడుల్లో మాత్రం సెలవని అడ్డగీత.

బండి డ్రైవర్ జగిత్యాల వైపు కుర్రాడు. ఆరేళ్లు గల్ఫ్‌లో ఇదే పని చేసి తిరిగొచ్చాడు. కాగితం చూపించి అడిగితే తల దించుకున్నాడు.

"సోమవారం పొద్దున ఒక్కసారే పెట్టేస్తరన్నా. నన్ను సంతకం చేయమంటరు. చేస్త."

"అక్కడ కూడా ఇంతేనా?"

"అక్కడ అవర్ మీటరు రాయకుంటే తాళమే ఇయ్యరన్నా. రేపటి మీటరు ఇయ్యాల ఎట్ల రాస్తం?"

ఈ ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. ఇప్పటికీ అక్కడి నుంచి పెద్దగా కదల్లేదు. టిక్కుకు తేదీ తెలియదు. 'బ్రేకు: టిక్కు' అన్నది సోమవారం రాసినా శనివారం రాసినా ఒకేలా ఉంటుంది. అంకె అలా కాదు. డ్యాష్‌బోర్డు మీద 6,412.3 అని కనబడుతున్న గంటల మీటరును రాయాలంటే సీటు దాకా వెళ్లాలి, తాళం తిప్పాలి, కళ్లతో చదవాలి. రేపు అది ఎంత ఉంటుందో ఇవాళ ఎవరూ చెప్పలేరు. నా దృష్టిలో తనిఖీ కాగితం బాగుపడాలంటే గడులు పెంచనక్కర్లేదు. టిక్కు పెట్టే గడుల్లో ఐదారింటిని అంకె రాసే గడులుగా మార్చాలి. ఏ అంకెలు రాయాలో ఆ బండి చుట్టూ ఒకసారి తిరిగితే మనకే తెలుస్తుంది.

ముందు సమయం సంగతి, ఎందుకంటే యాజమాన్యం మొదట అడిగేది అదే. నింపాదిగా చూస్తే ఒక బండికి ఎనిమిది నిమిషాలు పడుతుందనుకుందాం. ఎనిమిది గంటల షిఫ్టు 480 నిమిషాలు. ఎనిమిది నిమిషాలంటే అందులో 1.7 శాతం. ఏడాదికి 300 పని దినాలు వేస్తే 2,400 నిమిషాలు, అంటే 40 గంటలు, ఐదు పని దినాలు. పది బండ్లున్న గోదాముకు ఏడాదికి 400 గంటలు. ఇది చిన్న ఖర్చని నేననను. లారీ గేటు దగ్గర నిలబడి ఉన్నప్పుడు ఈ ఎనిమిది నిమిషాలే మొదట కోతకు గురవుతాయి. అందుకే వీటిని షిఫ్టు సమయంలో లెక్కగట్టి ఇవ్వాలి. షిఫ్టుకు ముందొచ్చి చూసుకో అంటే ఎవరూ చూడరు, చూడమనడం న్యాయమూ కాదు.

తనిఖీ రెండు దశల్లో ఉంటుంది. తాళం తిప్పకముందు బండి చుట్టూ నడక, తిప్పాక కదిపి చూడడం.

నడక టైర్ల దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే ఫోర్క్‌లిఫ్టులో టైరు పాత్ర కారులో లాంటిది కాదు. చాలా బండ్లకు స్ప్రింగులుండవు. టైరే స్ప్రింగు, టైరే మట్టం. ముందు చక్రాల మధ్య దూరం సుమారు ఒక మీటరు. ఒక పక్క టైరు ఎక్కువగా అరిగో గాలి తగ్గో రెండో దానికంటే 20 మిల్లీమీటర్లు కిందికి ఉందనుకోండి. నేల మీద నిలబడి చూస్తే అది తేడాగానే అనిపించదు. కానీ మీటరుకు 20 మిల్లీమీటర్ల వాలు అంటే, నాలుగున్నర మీటర్ల ఎత్తుకు లేపిన సరుకు 90 మిల్లీమీటర్లు పక్కకు జరిగినట్టు. బెత్తెడు కంటే ఎక్కువే. ర్యాకు పై అరలో పాలెట్ పెట్టే డ్రైవరు ఎప్పుడూ ఒక పక్కే తగులుతోందని విసుక్కుంటాడు, తప్పు తన చేతిలో ఉందనుకుంటాడు. తప్పు టైరులో ఉంది. గాలి టైరైతే గేజి పెట్టి వచ్చిన అంకె రాయాలి. గట్టి రబ్బరు టైర్లలో చాలా వాటికి పక్కన అరుగుదల గీత ఉంటుంది, రబ్బరు ఆ గీత దాకా వచ్చిందంటే మార్చాలి. చక్రం నట్ల చుట్టూ తుప్పు రంగు గీతలు కనబడితే నట్టు వదులవుతోందన్న మాట.

టైర్ల మీద ఇంతసేపు ఆగడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఫోర్క్‌లిఫ్టుకు నాలుగు చక్రాలున్నా అది నిలబడే తీరు మన ఆటోను పోలి ఉంటుంది. వెనక ఇరుసు మధ్యలో ఒకే కీలు మీద ఊగుతుంది. కాబట్టి బండి ఆనుకునేది ముందు రెండు చక్రాలు, వెనక ఆ కీలు, ఈ మూడు చోట్లే. మూడింటినీ కలిపితే త్రిభుజం. ఆటోకు ముందు మొన ఉంటుంది, దీనికి వెనక. బండి, సరుకు కలిసిన మొత్తం బరువు ఆ త్రిభుజం లోపల ఉన్నంతవరకు బండి నిలుస్తుంది. సరుకు ఉన్నప్పుడు బరువు ముందుకు, త్రిభుజం వెడల్పుగా ఉన్న వైపుకు వస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు వెనక్కి, మొన వైపుకు పోతుంది. అందుకే వేగంగా మలుపు తిప్పితే ఖాళీ బండే పక్కకు ఒరగడానికి ఎక్కువ సిద్ధంగా ఉంటుంది. ఈ ముక్క వినగానే ఎన్నేళ్ల డ్రైవర్లైనా ఒక్క క్షణం ఆగుతారు. ఖాళీగానే ఉంది కదా అని జోరుగా తిప్పడం అందరికీ అలవాటే.

తర్వాత కెపాసిటీ ప్లేటు. రంగు పోయిందా, చదవడానికి వస్తోందా అని మాత్రమే చూసే వస్తువిది. అయినా దాని మీదున్న అంకె అర్థం కాకపోతే చూసీ లాభం లేదు. 3,000 కిలోలని రాసి పక్కనే 500 మిల్లీమీటర్లని ఉంటుంది. సరుకు బరువు మధ్యభాగం ఫోర్కు నిలువు ముఖం నుంచి 500 మిల్లీమీటర్ల దూరంలో ఉంటేనే ఆ 3,000. ముందు ఇరుసు నుంచి ఫోర్కు ముఖం దాకా 480 మిల్లీమీటర్లు ఉన్న బండిని తీసుకుందాం. ఇరుసు నుంచి సరుకు మధ్యకు దూరం 980. అదే పొడవాటి పెట్టె ఎత్తి మధ్యభాగం 700కు జరిగితే దూరం 1,180. మూడు వేలను 980తో గుణించి 1,180తో భాగిస్తే సుమారు 2,490. సరుకు రెండు వందల మిల్లీమీటర్లు ముందుకు జరిగినందుకు బండి ఐదు క్వింటాళ్ల సామర్థ్యం కోల్పోయింది. పిల్లలాడే ఉయ్యాల బల్ల మీద చివర కూర్చున్న చిన్నపిల్లాడు మధ్యలో ఉన్న పెద్దవాడిని లేపేయడం లాంటిదే ఇది. ఇది మీకు సూత్రం తెలియడానికి చేసిన లెక్క. పనిలో మాత్రం ప్లేటు మీదున్న పట్టికే ప్రమాణం. ఫోర్కులకు బదులు వేరే పరికరం బిగిస్తే ఆ పట్టికా మారాలి.

చెయిన్లు రెండుంటాయి. తుప్పు, బిగుసుకుపోయిన లింకు, పగిలిన రేకు, తిరిగిపోయిన పిన్ను ఉన్నాయేమో చూడాలి. ఫోర్కులు కాస్త లేపి పెట్టి రెండు చెయిన్లనూ నొక్కితే ఒకేలా బిగువుగా ఉండాలి. ఒకటి వదులైందంటే రెండోది తన వాటాకు మించి మోస్తోంది. చేత్తో కాదు, కర్రతో నొక్కండి. చెయిన్ సాగుడు లెక్క మెకానిక్‌ది. ముప్పావు అంగుళం పిచ్ చెయిన్‌లో 20 లింకులు కొత్తగా ఉన్నప్పుడు 381 మిల్లీమీటర్లు. మూడు శాతం సాగితే 392 దాటుతుంది, అప్పుడు చెయిన్ మార్చాల్సిందే. ఇనుము సాగడం కాదది, పిన్నులు, వాటి రంధ్రాలు అరిగి లింకుల మధ్య ఖాళీ పెరగడం.

హైడ్రాలిక్ గొట్టాల దగ్గర ఒక హెచ్చరిక. లోపల ఆయిలు ఒత్తిడి 150 బార్ పైన ఉండడం మామూలే. గొట్టానికి సూది మొనంత రంధ్రం పడితే ఆయిలు కంటికి కనబడని ధారగా దూసుకొస్తుంది. చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోవడానికి ఏడు బార్లు చాలు. ఎక్కడ కారుతోందో చూద్దామని అరచేయి అడ్డం పెట్టిన మనిషికి మొదట తేనెటీగ కుట్టినట్టు చిన్న చుక్క కనబడుతుంది, లోపల కండలోకి ఆయిలు పాకి ఉంటుంది. అది ఆసుపత్రికి పరిగెత్తాల్సిన గాయం, గుడ్డతో తుడుచుకునేది కాదు. కారుడు వెతకాలంటే అట్టముక్క వాడాలి. నేల మీద నిన్న రాత్రి బండి ఆగిన చోట మరక చూడడం అన్నిటికంటే తేలిక. అందుకే బండిని కదపకముందే కింద చూడాలి.

బ్యాటరీ బండైతే చూడాల్సినవి మారతాయి. 48 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలో 24 సెల్స్ ఉంటాయి. నిండుగా చార్జయిన సెల్‌లో యాసిడ్ సాంద్రత సుమారు 1.28. చార్జింగు చివర్లో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది నాలుగు శాతానికి చేరితే ఒక నిప్పురవ్వ చాలు. కనుక చార్జింగు గదికి గాలి ఆడాలి, కనెక్టరు కాలిన గుర్తులు ఉండకూడదు, డిస్టిల్డ్ నీళ్లు చార్జింగు అయ్యాకే పోయాలి. ఒక సెల్ సాంద్రత కొలిచి రాయడం కూడా రేపటిది ఇవాళ రాయలేని అంకెల్లో ఒకటి.

ఇప్పుడు సీటెక్కి, బెల్టు పెట్టుకుని తాళం తిప్పుదాం.

బ్రేకు ఎందుకు మొదటిదో ఒక లెక్క చెబుతాను. మూడు టన్నుల బండి స్వయంగా నాలుగు టన్నుల పైనే తూగుతుంది, ఆ బరువే సరుకుకు ఎదురు తూకం. బండి 4,300, సరుకు 3,000, కలిపి 7,300 కిలోలు. ఇది గంటకు పది కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దానిలో ఉన్న శక్తి దాదాపు 28,000 జౌళ్లు. ఇద్దరు కూర్చున్న స్కూటరు 250 కిలోలనుకుంటే, అంత శక్తి రావాలంటే అది గంటకు 54 కిలోమీటర్ల వేగంతో రావాలి. గోదాము సందులో మెల్లగా వస్తున్నట్టు కనబడే బండి, మనిషిని తాకేటప్పుడు రోడ్డు మీద జోరుగా వచ్చే స్కూటరంత శక్తితో తాకుతుంది. ఇక డ్రైవరు కాలు బ్రేకు మీదికి చేరే ఒక్క సెకనులో అది 2.8 మీటర్లు కదిలిపోతుంది. కాబట్టి పెడల్ ఎంత లోపలికి దిగాక బ్రేకు పడుతోంది, ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి ఆపితే ఒక పక్కకు లాగుతోందా, హ్యాండ్‌బ్రేకు నిలుపుతోందా అన్నవి సరుకు ఎత్తకముందే తేలాలి. స్టీరింగులో ఆట ఎంతుందో, హారన్, రివర్స్ హారన్, లైట్లు పనిచేస్తున్నాయో ఇదే సమయంలో చూడాలి.

మాస్ట్‌ను, అంటే ఫోర్కులను మోసే నిలువు చట్రాన్ని, ఒకసారి పై చివరిదాకా లేపి దించాలి, తలపైన దీపాలూ పైపులూ లేవని చూసుకుని. కుదుపులు, కీచుమనే చప్పుడు వినాలి. లేపిన సరుకు దానంతటదే దిగుతోందేమో చూడడం ఇంకో పరీక్ష. పూర్తి బరువు ఎత్తి ఆపితే లోపలి లీకు వల్ల మొదటి పది నిమిషాల్లో దిగే దూరం 100 మిల్లీమీటర్లు దాటకూడదన్నది పది టన్నుల లోపు బండ్లకు అంతర్జాతీయ ప్రమాణం పెట్టిన హద్దు. ఇది రోజూ చేసే పని కాదు, వారానికో నెలకో చేయాలి. కానీ నిన్న సగం ఎత్తులో ఉన్న ఫోర్కులు ఇవాళ నేలకు ఆనాయంటే ఆ సంగతి ఎవరి కంట పడాలి? పొద్దున వచ్చే డ్రైవరు కంటనే కదా. నిజానికి ఫోర్కులను నేలకు దించకుండా బండిని వదిలి వెళ్లడమే తప్పు.

ఇంత చూస్తే చావులు తగ్గుతాయా? అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 1980 నుంచి 1994 దాకా పదిహేనేళ్ల లెక్క తీసింది. ఫోర్క్‌లిఫ్టు ప్రమాదాల్లో 1,021 మంది కార్మికులు చనిపోయారు, సగటున ఏడాదికి 68 మంది. వాటిలో 22 శాతం బండి బోల్తా పడడం వల్ల, 20 శాతం నడిచే మనిషిని బండి కొట్టడం వల్ల, 16 శాతం బండి కింద లేదా బండికీ మరోదానికీ మధ్య నలగడం వల్ల, తొమ్మిది శాతం బండి మీంచి పడడం వల్ల. 2022లో ఆ దేశంలో చనిపోయినవారు 73 మంది. రెండు లెక్కలూ తీసిన పద్ధతులు వేరు, ఈ మధ్యకాలంలో గోదాములూ బండ్లూ ఎంతో పెరిగాయి. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా ఏడాది సంఖ్య డెబ్బై దగ్గరే ఉండడం చూస్తే మనసు బరువెక్కుతుంది.

ఆ శాతాలను నిజాయితీగా చదివితే, ఎక్కువ చావుల వెనక విరిగిన ఫోర్కూ తెగిన చెయినూ కనబడవు. వేగం, మలుపు, మనుషులూ బండ్లూ ఒకే దారిలో తిరగడం కనబడతాయి. తనిఖీ ఒక్కటే వాటిని ఆపలేదు. కానీ ఇదే జాబితాను ఆ శాతాల పక్కన పెట్టి చూడండి. నడిచే మనిషికి బండి వస్తోందని చెప్పేది హారనూ రివర్స్ హారనూ. బోల్తా పడే బండిలో డ్రైవరును కాపాడేది సీటు బెల్టు. బండి ఒరిగేటప్పుడు దూకేయాలన్నది మనిషి సహజ బుద్ధి. దూకినవాడి మీదే తలపై కప్పు చట్రం వచ్చి పడుతుంది. సీటులోనే ఉండి, స్టీరింగు గట్టిగా పట్టుకుని, పాదాలు అదిమి, ఒరిగే వైపుకు ఎదురుగా వాలాలని శిక్షణలో చెబుతారు. బెల్టు బకిల్ పనిచేయని బండిలో ఆ పాఠం పనికిరాదు. నేను చూసిన గోదాము బండిలో బెల్టు సీటు వెనక ముడేసి ఉంది. కాగితం మీద దాని గడుల్లో ఆరు టిక్కులున్నాయి.

లోపం కనబడ్డాక ఏం జరుగుతుందన్నది అసలు కష్టమైన చోటు. నియమం సూటిగానే ఉంది, బండి ఆగాలి, తాళం తీయాలి, 'వాడరాదు' అన్న ఎర్ర ట్యాగు వేలాడాలి. కానీ డ్రైవర్లలో చాలామంది కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు. బండి ఆపితే ఆ రోజు లోడింగు ఆగుతుంది, సూపర్‌వైజరు మాట పడాలి, రేపటి నుంచి రావద్దంటారేమో అన్న భయం ఒకటి. మూడు టన్నుల బండి బాగోగులు తేల్చే బాధ్యత అతని సంతకం మీద పెట్టి, దాన్ని ఆపే అధికారం మాత్రం అతనికివ్వకపోవడం అన్యాయం. నాకు ఈ విషయంలో రెండో అభిప్రాయం లేదు. ట్యాగు వేసే హక్కు డ్రైవరుది కావాలి, తీసే హక్కు మరమ్మతు చేసి సంతకం పెట్టిన మెకానిక్‌ది మాత్రమే కావాలి. మధ్యలో ఇంకెవరి చేయీ దాని మీద పడకూడదు.

ఆ రోజు నేను బయల్దేరే ముందు ఫోర్కుల మందం ఎంతుందో చూద్దామా అని కుర్రాణ్ణి అడిగాను. మెకానిక్ పెట్టెలో వెర్నియర్ దొరికింది. బండి ఆపి, తాళం జేబులో వేసుకుని, వంపు దగ్గర గ్రీజు గుడ్డతో తుడిచి మోకాళ్ల మీద కూర్చున్నాడు. పై భాగం రెంటికీ 45. వంపు దగ్గర ఎడమది 42.8. కుడిది రెండుసార్లు కొలిచాడు, 41.6. హద్దు 40.5 అని చెబితే కాసేపు ఆ ఫోర్కు వంకే చూశాడు.

"ఇంక మిల్లీమీటరు చిల్లరే ఉందన్నా."

గోడ దగ్గరికి వెళ్లి, మంగళవారం వరుసలో ఫోర్కుల గడిలో ఉన్న టిక్కును కొట్టేసి 42.8, 41.6 అని రాశాడు. గడి చిన్నది, అంకెలు పక్క గడిలోకి పోయాయి. బుధవారం టిక్కును కూడా కొట్టేసి ఆ గడి ఖాళీగా వదిలేశాడు.